ఒకేలాంటి రెండు వైర్లు

కెమెరా దొరసాని గారి సముఖానికి,

షట్టర్ల మేస్త్రీ అయిన నీ మొగుడు రాసుకుంటున్నది. ఇక్కడ ఇద్దరమూ బాగానే ఉన్నాం. అంటే, మీ అమ్మ ఏ లోటూ లేకుండా తిడుతోంది, నేను ఏ లోటూ లేకుండా తింటున్నాను. అక్కడ నువ్వూ, నీ నాటక కంపెనీ వాళ్ళూ, మీ నాలుగు కెమెరాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. మీ కంపెనీ పెద్దాయన అల్లుడు ఒక్కడికి మాత్రం కాస్త జలుబు చేస్తే బాగుండునని నా కోరిక. పెద్ద జబ్బులేవీ వద్దు, మనిషి ఉత్సాహం తగ్గేపాటి జలుబు చాలు.

నీ ఉత్తరం అందింది. ఫోన్లో నాలుగు ముక్కలు మాట్లాడుకుంటే పోయేదానికి ఈ కాగితాలు ఖరాబు చెయ్యడం ఏమిటని మీ అమ్మ సతాయిస్తోంది. ఫోన్ చేస్తే అత్తయ్యా, నీ కూతురి పక్కన ఎప్పుడూ ఎవడో ఒకడు మేకులు కొడుతుంటాడు, నాకేమో ఫోను చెవిన పెట్టుకుంటే వేళాకోళం తప్ప ఇంకో మాట రాదు, కాగితం మీదైతే కనీసం మధ్యమధ్య ఆగి ఆలోచించాల్సి వస్తుంది అన్నాను. ఆలోచించే మొహం చూడు అని లోపలికి వెళ్ళిపోయింది.

నువ్వు మూడు సంగతులు అడిగావు. మీ అమ్మ పన్ను, కొనాల్సిన కొత్త డిస్కు, వచ్చే టూరు. మొదటి రెండూ వరసగా చెబుతాను. మూడోది కాస్త ఆగు.

పన్ను పీకించేశాం. కుర్చీలో కూర్చున్నాక నోరు తెరవనంటే తెరవనని భీష్మించుకుంది. ఇంట్లో ముయ్యమన్నా ముయ్యని నోరు అక్కడ తెరవమంటే తెరవకపోవడం చూసి నాకు చాలా బాధేసింది, ఆ మాటే డాక్టరుతో అన్నాను. నన్ను తిట్టడానికని నోరు తెరిచింది, అదే అదనుగా ఆయన పని కానిచ్చాడు. పీకిన పన్నుని అడిగి మరీ ఇంటికి తెచ్చుకుంది. సరైనదే పీకాడో లేదోనని అద్దం ముందు పెట్టుకుని పక్క పళ్ళతో పోల్చి చూసింది. సరైనదేనట. ఇప్పుడు గట్టివి కూడా నమిలేస్తోంది, నాతో సహా.

ఇంకో చిన్న సంగతి జరిగింది, నీకు ఆవిడ చెప్పేలోపు నేనే చెప్పేస్తాను. ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌లో నువ్వు దాచిన పాత నాటకాల ఆటలున్నాయి కదా, అందులో ఒకదాంట్లో తెర లేవడానికి ముందు నువ్వు "ఎవరూ కదలకండి, రికార్డింగ్ మొదలైంది" అని అరిచిన అరుపు ఉంది. దాన్ని కత్తిరించి మీ అమ్మ ఫోనుకి రింగు కింద పెట్టాను. ఆవిడ సరిగ్గా కుర్చీలో కూర్చోబోతున్నప్పుడు వంటింట్లోంచి ఫోన్ చేశాను. సగం కూర్చుని, సగం నిలబడి, ఊపిరి బిగబట్టి అలాగే ఉండిపోయింది. తర్వాత నన్ను చీపురుతో తరిమిందనుకో. ఆ రింగు మార్చెయ్యనా అత్తయ్యా అంటే మాత్రం, ఉండనీ, అంది.

ఇక నీ ఉద్యోగం ఏమిటో, అసలు ఇప్పుడొచ్చిన చిక్కేమిటో ఆవిడకి అర్థమయ్యేలా చెప్పమన్నావు. ఎలా చెప్పానో రాస్తాను, తప్పుంటే దిద్దు.

చూడు అత్తయ్యా, అన్నాను. ఆ పెద్దాయన ఊరూరా నాటకం ఆడిస్తాడు. ప్రతి ఊళ్ళోనూ దాన్ని నాలుగు కెమెరాలతో తీయించి, చివరికి బాగున్న ముక్కలన్నీ కలిపి సినిమాలా చెయ్యాలని ఆయన పట్టుదల. తీసినదాన్ని పోకుండా దాచే పని నీ కూతురిది. తెర పడగానే నటులు మొహాలు కడుక్కుంటారు, నీ కూతురు నాలుగు కెమెరాల్లోంచి గోరంత గోరంత కార్డులు నాలుగు తీస్తుంది. వాటిలో ఉన్నదాన్ని ముందు తన ల్యాప్‌టాప్‌లోకి, అక్కణ్ణించి బయట తగిలించుకునే డిస్కులోకి ఎక్కిస్తుంది. రెండు చోట్లా ఉంటేగానీ కార్డు వెనక్కి ఇవ్వకూడదు, అది వాళ్ళ పని పద్ధతి. ఈలోపు బయట కెమెరాల లారీవాడు హారన్ కొడుతూ ఉంటాడు. కెమెరాలూ కార్డులూ అందరికంటే ముందు పై ఊరికి పోవాలి. అక్కడ దిగగానే కార్డులు తుడిచేసి మళ్ళీ వాడతారు. ల్యాప్‌టాప్‌లోకి తొందరగానే ఎక్కుతోంది. డిస్కులోకే ఎక్కడం లేదు. అది లోపల పళ్ళెం గిరగిరా తిరిగే పాతకాలపుది, దానికి ఆయాసం. మొన్నటి ఊళ్ళో నాలుగో కార్డు ఇంకా డిస్కులోకి ఎక్కుతుండగానే లారీవాడు గోల చేశాడు, నీ కూతురు మొహమాటపడి ఇచ్చేసింది. తీరా చూస్తే ల్యాప్‌టాప్‌లో ఉన్న కాపీ కూడా తెరుచుకోలేదు. వెనక వరసల కెమెరా మొత్తం పోయింది. పెద్దాయన అందరిముందూ గడ్డి పెట్టాడు. ఆయన అల్లుడు పక్కనే నిలబడి, ఆ పనేదో నేను చూసుకుంటానులెండి మావయ్యా, అన్నాడు. ఇప్పుడు పెద్దాయన మాటేమిటంటే, వచ్చే ఊళ్ళో లారీ కదిలేలోపు నాలుగు కార్డులూ రెండు చోట్లా ఉంటే, పై టూరు మొత్తానికి ఈ పని నీ కూతురిదే. లేకపోతే అల్లుడిది. నీ కూతురు ఇంటికొచ్చేస్తుంది.

మీ అమ్మ అంతా విని, "అయితే ఆ లారీవాడికో టీ ఇప్పించి కూర్చోబెడితే పోలేదూ?" అంది.

ఈ ముక్క నాకెందుకు తోచలేదా అని రెండ్రోజులు కుమిలిపోయాను. అది కూడా చెయ్యి. కానీ డిస్కు మాత్రం మార్చాల్సిందే.

మీ లైట్ల అబ్బాయి ఇరవై రకం కొనమన్నాడని రాశావు, అదే అన్నిటికంటే స్పీడని. నేను చదివిన చదువు నీకు తెలుసు, బడి గోడ దూకిన రోజులు తీసేస్తే ఏమీ మిగలదు. అయినా నాకు అర్థమైంది చెబుతాను. ఈ కొత్తరకం డిస్కుల్లో తిరిగే పళ్ళెం ఉండదు, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, జేబులో పట్టేస్తుంది. డబ్బాల మీద అయిదు, పది, ఇరవై, నలభై అని అంకెలుంటాయి. సెకనుకి అన్ని గిగాబిట్లు పోతాయని దానర్థం. గిగాబిట్టంటే ఏమిటని మీ అమ్మ అడిగితే అదో రకం పురుగని చెప్పాను, నన్ను ఇంకేం అడక్కు. అంకె పెద్దదైతే స్పీడు ఎక్కువ, అంతవరకు మీ లైట్ల అబ్బాయి చెప్పింది నిజం. కానీ మన షట్టరు సంగతి చూడు. పైన ఎంత పెద్ద మోటారు బిగించినా, షట్టరు జారే పక్క పట్టీ తుప్పు పట్టిపోయి ఉంటే షట్టరు తుప్పు చెప్పినట్టే దిగుతుంది, మోటారు చెప్పినట్టు కాదు. ఇదీ అంతే. డిస్కు, నీ ల్యాప్‌టాప్‌కున్న రంధ్రం, మధ్యలో వైరు. మూడింట్లో ఏది బద్ధకంగా ఉంటే దాని స్పీడే అందరికీ స్పీడు. నీ ల్యాప్‌టాప్‌కి ఆ కోలగా ఉండే రంధ్రం పక్కన చిన్నగా పది అని ఉందన్నావు. అంటే ఇరవై తగిలించినా నలభై తగిలించినా అది పది దగ్గరే ఆగిపోతుంది. మిగతా అంకె డబ్బా మీద చూసుకుని మురిసిపోవడానికే.

ఇదంతా నా బుర్రలో పుట్టలేదులే. నేను షట్టరు బాగుచేసే కంప్యూటర్ల షాపు ఒకటుంది. దాని షట్టరు సగంలో ఇరుక్కుపోయి వారం రోజులుగా అందరూ వంగి వంగి లోపలికి పోతున్నారు. అక్కడ అమ్మే కుర్రాడు ఒకడున్నాడు, వాడికి నేను ఇరవై అని పేరు పెట్టాను. ఎవరొచ్చినా ఇరవై స్పీడుదే చూపిస్తాడు. నన్ను చూసి, "అంకుల్, ఇది తీసుకోండి, కళ్ళు మూసి తెరిచేలోపు అయిపోతుంది" అన్నాడు. డిస్కు సంగతి తర్వాత, అంకుల్ అన్నందుకు వీడి పని పట్టాలనుకున్నాను.

నీదానితోపాటే కొన్న ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంది కదా, నీదానికి కవలపిల్ల. మర్నాడు దాన్ని కూరల సంచిలో పెట్టుకుని వెళ్ళాను. పది డిస్కు ఒకటీ ఇరవై డిస్కు ఒకటీ బయట పెట్టించి, పేర్లు కనపడకుండా రెండిటికీ నిండా టేపు చుట్టాను. వాటిని నా వీపు వెనక నాలుగుసార్లు అటూ ఇటూ మార్చాను. ఈ మార్చే పని నాకు ఎంత బాగా వచ్చో నీకు తెలుసు, నీ చెప్పుల్లో ఎడమా కుడీ మార్చిన చెయ్యి ఇది. ఇప్పుడు రెండూ తగిలించి, మా ఆవిడ పాత ఆట ఒకటి ఎక్కించి చూపించు, స్పీడు చూసి ఏది ఇరవయ్యో చెబితే అదే కొంటాను, అన్నాను. అక్కడున్నవాళ్ళంతా చేరారు. మొదటిది ఎంత తొందరగా అయిందో, రెండోదీ అంతే. వాడు చాలాసేపు గడ్డం గోక్కుని, బాగా నమ్మకంగా ఒకటి చూపించాడు. టేపు విప్పితే పది. జనం నవ్వారు. వాడు మొహం మాడ్చుకుని, "మీ ల్యాప్‌టాప్ పదిది అంకుల్, అందుకే" అన్నాడు. అదేకదా నాయనా నేను అడిగేది అని పదిదే కొన్నాను. అయిదు రకం దాంట్లో కూడా ఎక్కించి చూశాను, అది దాదాపు రెట్టింపు టైము తీసుకుంది. లారీవాడి ముందు అది పనికిరాదు.

కాబట్టి ఈ ఉత్తరానికి ముందే పార్సిల్లో నీకు చేరింది పది స్పీడు డిస్కు. నీ నాలుగు కార్డుల సరుకు ఎక్కించినా ఇంకా చాలా ఖాళీ ఉంటుంది. చుట్టూ రబ్బరు తొడుగుంది. కిందపడ్డా బతుకుతుందని డబ్బా మీద ఉంది, అలాగని పడేసి చూడకు. దీనికి వేరే కరెంటు వైరు అక్కర్లేదు. మీ వాళ్ళు వాడే ఆ నాలుగు రంధ్రాల గుత్తి పెట్టెకి మాత్రం తగిలించకు, అన్నీ కలిసి పంచుకుని దీన్ని నీరసపెడతాయి. తిన్నగా ల్యాప్‌టాప్‌కే పెట్టు. పని చేసేటప్పుడు వేడెక్కుతుంది, మరీ వేడెక్కితే తనే నెమ్మదిస్తుంది. అందుకని నీ అలవాటు ప్రకారం దానిమీద తువ్వాలు కప్పి జాగ్రత్త చెయ్యకు. గాలికి వదిలెయ్యి.

ఇంతవరకూ తేలిగ్గానే రాశాను. ఇక్కడినించి చదివేటప్పుడు పక్కన మేకులు కొట్టేవాళ్ళెవరూ లేకుండా చూసుకో.

డిస్కు ఇంటికి తెచ్చిన రోజు, పంపేముందు ఇంట్లో కూడా ఓసారి చూద్దామని టేబులు మీద పెట్టుకుని కూర్చున్నాను. షాపులో చిటికెలో ఎక్కిన ఆటే, ఇక్కడ ఎంతకీ కదలదు. మీ అమ్మ టీ పెట్టింది, తాగాం, కప్పులు కడిగింది. నేను సరిగా కడగలేదన్న కప్పు గురించి పోట్లాడుకున్నాం, రాజీ పడ్డాం, ఇంకా సగం కూడా ఎక్కలేదు. నీ పాత డిస్కే నయమనిపించింది. ఇరవైగాడు కసికొద్దీ పాడైనది అంటగట్టాడని చెప్పుతో సమానంగా నాలుగు మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. వాడు డిస్కు చూడలేదు, వైరు చూశాడు. చూసి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. "ఇది డిస్కుతో వచ్చింది కాదు అంకుల్. ఛార్జింగ్‌ది. దీంట్లోంచి కరెంటు బాగా పోతుంది, ఫైళ్ళు మాత్రం పాతకాలం స్పీడులోనే పోతాయి" అన్నాడు. ఈసారి జనం నన్ను చూసి నవ్వారు.

జరిగిందేమిటంటే, మీ అమ్మ ఫోను ఛార్జి చేసుకునే పొట్టి వైరూ, డిస్కుతో వచ్చిన పొట్టి వైరూ అచ్చం ఒకేలా ఉన్నాయి. అదే నలుపు, అదే పొడవు, అవే కొసలు. ఆవిడ డిస్కుది తీసి వాడుకుని, తనది డబ్బాలో పడేసింది. కావాలని చేసింది కాదు. ఆ తెలివి మన ఇంట్లో ఆవిడకి లేదు, నాకుంది.

నాకుంది అని ఎందుకంటున్నానంటే, మర్నాడు పార్సిలు కట్టేటప్పుడు ఆ రెండు వైర్లూ నా ముందే ఉన్నాయి. ఏది ఏదో అప్పటికి నాకు బాగా తెలుసు. నేను ఛార్జింగ్ వైరుని డబ్బాలో పెట్టాను. మంచిదాన్ని మీ అమ్మ ఫోనుకి తగిలించాను. చేతులు వాటంతటవే చేసేశాయని రాద్దామనుకున్నాను, అది అబద్ధం. చేతులకి నేనే చెప్పాను. డిస్కు పదిదే, రంధ్రం పదిదే, నువ్వు చూసుకునేవన్నీ సరిగ్గానే ఉంటాయి. వైరు గురించి ఎవరూ ఆలోచించరు. లారీ కదిలిపోతుంది, అల్లుడికి ఉద్యోగం వస్తుంది, నువ్వు ఇంటికొస్తావు. నేను స్టేషనుకొచ్చి నీ పెట్టె మోసుకుంటూ, ఆ కంపెనీవాళ్ళకి నీ విలువ తెలీదులే అని నాలుగు మంచి మాటలు కూడా చెబుదును. ఆ మాటలు కూడా తయారుచేసి పెట్టుకున్నాను.

ఎందుకు చేశారంటే, పెద్ద కారణాలేమీ లేవు. నేను పనినించి వచ్చి చేతికున్న గ్రీజు తలుపు పిడికి పూస్తే, దాన్ని పట్టుకుని అరిచి, ఆ గ్రీజు నా మొహానికే రాసేదానివి నువ్వు. పన్ను పీకించుకోవడానికి తప్ప మీ అమ్మ గడప దాటదు. ఇప్పుడు పూసినా మర్నాడు నేనే పట్టుకుంటున్నాను. వేళాకోళం చెయ్యడానికి ఊరంతా ఉంది. తిరిగి చేసే మనిషే లేదు. నువ్వు ఓడిపోవాలని నేను అనుకోలేదు, ఇంటికి రావాలని అనుకున్నాను. ఆ రెండూ ఒకటేనని డబ్బాకి టేపు వేస్తున్నంతసేపూ నాకు తట్టలేదు.

కొరియరు ఆఫీసుకి పట్టుకెళ్ళాను. కిటికీ వెనక ఒకావిడ తలెత్తకుండా అందరినీ అడిగేవే అడుగుతోంది. లోపల ఏముంది అంది, డిస్కు అన్నాను. పగిలే వస్తువా అంది, నా గుండె కంటే గట్టిదే అన్నాను. ఆవిడ నవ్వలేదు. తర్వాత, "పనిచేసే స్థితిలోనే ఉందా?" అంది.

పార్సిలు మీది టేపు కొస గోరుతో గీకుతూ నిలబడ్డాను. నీకు తెలుసుగా, పెళ్ళిచూపుల్లో మీ నాన్న ఏం చదివావని అడిగితేనే తడుముకోకుండా జవాబు చెప్పినవాణ్ణి. ఆవిడ మళ్ళీ, "మిమ్మల్నే సార్. పనిచేస్తుందా, చెయ్యదా?" అంది. వెనక వరసలో ఉన్నవాళ్ళు సణుగుతున్నారు. ఇంటికెళ్ళి కనుక్కుని వస్తానమ్మా అని పార్సిలు చంకలో పెట్టుకుని వచ్చేశాను.

తిరిగొచ్చిన పార్సిలు చూసి మీ అమ్మ, ఏమైంది, తీసుకోలేదా, అంది. ఏదో ఒకటి చెప్పెయ్యొచ్చు, నాకు కొత్తా. ఉన్నదున్నట్టు చెప్పేశాను. చీపురు తీస్తుందనుకున్నాను. తియ్యలేదు. ఫోనుకున్న వైరు పీకి, చుట్టచుట్టి తెచ్చి నా ముందు పెట్టింది. అప్పుడు అంది: "నాకు మాత్రం పిల్ల ఇంట్లో ఉంటే చేదా అల్లుడూ? కానీ నువ్వు పొద్దున్నే షట్టర్లంటూ పోతావు. ఉద్యోగం పోగొట్టుకుని వచ్చినదాని మొహం రోజంతా ఎదురుగా చూసేది నేను. నావల్ల కాదు."

నేను ఆ వైరు చేతిలోకి తీసుకున్నాను. ఆవిడే, "పెట్టి చూడు, ఎక్కుతుందేమో" అంది. డబ్బా విప్పి, మంచి వైరు తగిలించి, నాలుగు కెమెరాల ఆట మొత్తం ఎక్కించాను. ఆవిడ టీకి నీళ్ళు పెట్టింది. నీళ్ళు ఇంకా మరగలేదు, అయిపోయింది. నిజంగా అయిందా, ఏదైనా గారడీనా, అని నన్ను అడిగింది. పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు ఫైళ్ళూ తెరిచి చూపించాను. నువ్వు కూడా అక్కడ అలాగే చెయ్యి. ఎక్కిందన్న మాట నమ్మి కార్డు ఇవ్వకు. రెండు చోట్లా తెరిచి, ముందు కాస్త, మధ్యలో కాస్త, చివర కాస్త చూసుకున్నాకే ఇవ్వు. ఇప్పుడు అంత టైము నీకు ఉంటుంది.

ఇప్పుడు నీ దగ్గరున్నది మంచి వైరు. షట్టర్లకి వేసే ఎర్ర రంగుతో రెండు కొసలా చుక్క పెట్టాను. ఎవడికీ ఫోను ఛార్జింగుకి ఇవ్వకు, ముఖ్యంగా ఆ అల్లుడికి. రెండో రోజు అదే కిటికీ దగ్గర అదే ఆవిడ, పనిచేసే స్థితిలోనే ఉందా అని అడిగింది. ఉందమ్మా అన్నాను. రాసుకుంది.

ఇదంతా నేను రాయకపోతే నీకు ఎప్పటికీ తెలిసేది కాదు. మీ అమ్మ కూడా, చెప్పడం ఎందుకు, మనసు పాడుచేసుకుంటుంది, అంది. కానీ నువ్వు ఆ డిస్కుతో పని గెలిచి, నాకు ఫోన్ చేసి, అంతా మీ చలవే అంటావు చూడు, దాన్ని మాత్రం నేను తట్టుకోలేను. ఆ మాట అనకుండా ఉండడానికే ఇది రాశాను. తిట్టాలనుకుంటే తిట్టు. లారీ వెళ్ళాక తిట్టు, ముందు కార్డుల పని కానియ్యి.

ఇక నీ మూడో ప్రశ్న. పై టూరు మొత్తానికి ఉండమంటే ఒప్పుకోనా, మీరేమంటారు, అని అడిగావు. నన్నడిగితే వద్దంటాను. అందుకని నన్ను అడక్కు. నీ ఉత్తరం మొత్తం కొట్టివేతలే, ఆ ఒక్క వాక్యం మాత్రం ముత్యాల్లా రాశావు. ఎన్నిసార్లు వేరే కాగితం మీద రాసి చూసుకున్నావో నాకు అర్థమైంది. ఒప్పుకో. మీ అమ్మ మందులూ, ఇంటి సంగతులూ మేమిద్దరం తన్నుకుంటూనే చూసుకుంటాం. మీ కంపెనీ మనకి దగ్గర్లో ఏ ఊళ్ళోనైనా ఆడితే చెప్పు, టికెట్టు కొనుక్కుని వస్తాను. వెనక వరసలోనే కూర్చుంటాను, అక్కణ్ణించి నువ్వూ నీ కెమెరాలూ కనపడతారు. అల్లరి చెయ్యను. చేసినా రికార్డు అవనంత చిన్నది చేస్తాను.

ఇప్పుడు పని తొందరగా అయిపోతుంది కాబట్టి లారీ కదిలేలోపు నీకు కాస్త ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీలో నాకు ఫోన్ చెయ్యమని అడగను. నిలబడి కాకుండా కూర్చుని, వేడిగా ఏదైనా తిను. తిన్నాక ఇంకా టైముంటే, అప్పుడు నీ ఇష్టం.

ఇట్లు,
కట్టిన పార్సిలు విప్పుకుని, మళ్ళీ సరిగ్గా కట్టి పంపిన
నీ మొగుడు